‘తెలియదు’ అనే మాట కారు షోరూములో ఎందుకు వినిపించదు?

మొన్న మధ్యాహ్నం మాకు కారు అమ్మిన అబ్బాయి ఫోను చేశాడు. "మేడమ్, రెండు రోజుల్లో కంపెనీ నుంచి మీకొక ఫారం వస్తుంది. అన్ని ప్రశ్నలకూ పదికి పది వేయండి. తొమ్మిది వేసినా మాకు సున్నా కిందే లెక్క" అన్నాడు. అలా అడగడం అతనికే ఇబ్బందిగా ఉందని గొంతులో తెలుస్తూనే ఉంది.

ఫారం వచ్చింది. సిబ్బంది నవ్వుతూ పలకరించారా? కూర్చోవడానికి చోటు చూపించారా? టెస్ట్ డ్రైవ్ కావాలా అని అడిగారా? కారు అప్పగించేటప్పుడు ఫొటో తీశారా? మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. మీరు అడిగినదానికి సరైన జవాబు దొరికిందా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. రెండు నెలలు ఐదు షోరూముల చుట్టూ తిరిగి నేను పడ్డ చికాకు దేనివల్లో ఆ ఫారం చూశాకే నాకు స్పష్టమైంది.

కారు అమ్మేవాళ్ల మీద మామూలుగా వినిపించే ఫిర్యాదు మోసం. తిమ్మిని బమ్మిని చేస్తారని, నోటితో ఒకటి చెప్పి కాగితం మీద ఇంకొకటి రాస్తారని. అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ నన్ను విసిగించినవాళ్లలో చాలామంది మోసగాళ్లు కారు. వాళ్లకు కారు గురించి తెలియదు. తెలియదని చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి నోటికి వచ్చిందల్లా చెప్పారు. అబద్ధం కంటే ఇది ప్రమాదకరమని నా అభిప్రాయం. అబద్ధం ఆడేవాడికి నిజం ఏమిటో తెలిసి ఉంటుంది. గట్టిగా పట్టుకుంటే కొంతైనా బయటికి వస్తుంది. ఏమీ తెలియనివాడిని ఎంత పట్టుకున్నా రాలేది ఏముంటుంది?

అడిగింది డిక్కీ, చూపించింది తెర

మాకు కారు కావలసి వచ్చింది అమ్మ కోసం. అమ్మ నడవలేదు. ఆసుపత్రికైనా, బంధువుల ఇంటికైనా చక్రాల కుర్చీ వెంట రావాలి. కాబట్టి నాకున్న మొదటి ప్రశ్న ఒక్కటే. ఈ కుర్చీ డిక్కీలో పడుతుందా? మడిచి, కాలిపీటలు తీసేసి కొలిచాను. ఎత్తు 90 సెంటీమీటర్లు, పొడవు 80, మందం 30. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని మొదటి షోరూముకు వెళ్లాను.

అక్కడి ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నారు. చూడలేదు. మడిచి తిరిగి ఇచ్చి, "ముందు లోపల కూర్చోండి మేడమ్" అన్నారు. కూర్చున్నాను. డ్యాష్‌బోర్డు మీది తెర ఎన్ని అంగుళాలో చెప్పారు. లోపలి దీపాలు ఎన్ని రంగులు మారతాయో ఒక్కొక్కటి నొక్కి చూపించారు. పైకప్పు అద్దం తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. ఆయన ఊదరగొడుతున్నంతసేపూ నేను మధ్యలో మూడుసార్లు డిక్కీ మాట ఎత్తాను. మూడోసారి, "ఐదు వందల లీటర్లు మేడమ్, మీరు ఏదైనా పెట్టుకోవచ్చు" అన్నారు.

ఇక్కడ ఆగి ఆ లీటర్ల సంగతి చెప్పాలి. డిక్కీలో నీళ్లు పోసి కొలవరు. జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం పేరుతో వీడీఏ పద్ధతి అని ఒకటుంది. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 50 మందం ఉన్న దిమ్మలను డిక్కీ నిండా పేరుస్తారు. ఒక్కో దిమ్మ సరిగ్గా ఒక లీటరు. ఎన్ని దిమ్మలు పడితే అన్ని లీటర్లు. ఒక్క చేత్తో పట్టుకోగలిగే దిమ్మ కాబట్టి మూలమూలకూ చొరబడుతుంది, చక్రం పైనుండే గూటి పక్కన కూడా ఇమిడిపోతుంది. చక్రాల కుర్చీ అలా ముక్కలుగా విడిపోదు కదా. డిక్కీ నోరు ఎంత వెడల్పు, అంచు ఎంత ఎత్తు, లోపలికి ఎంత లోతు అన్నవే నాకు కావాలి. లీటర్లతో వాటికి సంబంధం లేదు.

తమ్ముడు బయట ఉన్న మా పాత కారులోంచి కుర్చీ తెచ్చాడు. షోరూము నేల మీద దాన్ని దొర్లించుకుంటూ వస్తుంటే ఆయన ముఖం మాడిపోయింది. కొత్త కారు రంగుకు గీత పడుతుందని భయం. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను, డిక్కీ అంచు మీద దుప్పటి పరిచే పెట్టాం. కుర్చీ సగం లోపలికి వెళ్లి ఆగిపోయింది. పెద్ద చక్రం అంచు వెనక అద్దం కింది రేకుకు తగులుతోంది. అడ్డంగా తిప్పాం, తలకిందులు చేశాం. పట్టలేదు. ఆయన ఒక్క క్షణం కుర్చీ వైపు చూసి, "ఇంకాస్త చిన్న కుర్చీ తీసుకుంటే సరిపోతుంది మేడమ్" అన్నారు.

కుర్చీ మా అమ్మ నడుముకు సరిపడేలా చూసి కొన్నది. కారు కోసం దాన్ని మార్చుకోమన్న మాట ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు.

తలుపు చప్పుడు

రెండో షోరూములో భద్రత గురించి అడిగాను. కారును గుద్దించి చూసే భద్రతా పరీక్షలో వచ్చిన ఐదు నక్షత్రాల బొమ్మ గోడ మీద పెద్దదిగా వేసి ఉంది. ఆ పరీక్ష ఏ సంవత్సరంలో జరిగింది, మేము చూస్తున్న రకానికే జరిగిందా అన్నది నా ప్రశ్న. ఇది చాదస్తం కాదు. పరీక్ష నియమాలు కొన్నేళ్లకోసారి కఠినమవుతుంటాయి. ఒక ఏడాది ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న కారు తర్వాతి నియమాల కింద తక్కువ తెచ్చుకోవచ్చు. పైగా ఒకే పేరుతో అమ్మే కార్లలో చవక రకానికీ ఖరీదైన రకానికీ ఎయిర్‌బ్యాగుల్లోనే తేడా ఉండొచ్చు.

ఆయన కాసేపు నీళ్లు నమిలారు. తర్వాత కారు తలుపు తెరిచి, బలంగా మూసి, "ఈ చప్పుడు విన్నారా మేడమ్? రేకు మందం అది. గుద్దుకున్నా ముందు భాగం నలగదు" అన్నారు. నేను ఏమీ అనకపోయేసరికి మళ్లీ మూసి వినిపించారు.

తలుపు మూసినప్పుడు గంభీరంగా చప్పుడు రావాలని కార్ల కంపెనీలు ప్రత్యేకంగా కసరత్తు చేస్తాయి. రబ్బరు అంచులు, తాళం బిగింపు, రేకు వెనక అతికించే మెత్తని పలకలు అన్నీ కలిసి చేసే చప్పుడు అది. ప్రమాదంలో మనిషి బతుకుతాడా లేదా అన్నదాన్ని అది చెప్పదు. ఇక ముందు భాగం నలగకపోవడం గొప్ప అనడం పూర్తిగా తలకిందులైన మాట. మెర్సిడెస్ బెంజ్ ఇంజనీరు బేలా బరేనీ 1950ల తొలినాళ్లలోనే ఈ విషయం మీద పేటెంటు తీసుకున్నారు. మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, ముందూ వెనకా భాగాలు నలిగి దెబ్బలోని శక్తిని మింగేయాలి అన్నది ఆయన సూత్రం. 1959లో ఆ కంపెనీ కార్లలో అది అమల్లోకి వచ్చింది. అరవై ఏళ్లు దాటిన తర్వాత కూడా కారు అమ్మే మనిషి, నలగదని ఒక కొనుగోలుదారుకు ధైర్యం చెబుతున్నాడు. ఆయన నన్ను మోసం చేయాలనుకోలేదు. నిజంగానే అలా నమ్ముతున్నారు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ రోజు ఆయన ఇంకెంతమందికి ఆ తలుపు చప్పుడు వినిపించారో.

‘సార్’ ఎవరు?

మా తమ్ముడికి డ్రైవింగ్ రాదు. కుర్చీ మోయడానికి సాయం వచ్చాడు. డబ్బు నాది, నడిపేది నేను, ప్రశ్నలు అడిగింది నేను. మూడో షోరూములో నేను మైలేజీ గురించి అడిగితే జవాబు వాడికి చెప్పారు. గేరు గురించి అడిగితే మళ్లీ వాడికే. తమ్ముడు రెండుసార్లు, "అక్కను అడగండి, కొనేది అక్కే" అన్నాడు. దానికి వచ్చిన జవాబు, "మేడమ్ రంగు చూసుకుంటారు సార్, మనం ఇంజను సంగతి మాట్లాడుకుందాం."

కొనేవాళ్లను బట్టి అమ్మేవాళ్ల తీరు మారుతుందా అన్నదాని మీద పరిశోధనలు జరిగాయి. 1991లో ఇయన్ ఏర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు అమెరికాలోని చికాగో ప్రాంతంలో ఒకే రకం మాటలు, ఒకే రకం బేరం నేర్పిన మనుషులను కార్ల దుకాణాలకు పంపి చూశారు. తెల్లజాతి పురుషుల దగ్గర అడిగిన లాభం కంటే తెల్లజాతి స్త్రీల దగ్గర 40 శాతం ఎక్కువ అడిగారని, నల్లజాతి పురుషుల దగ్గర రెట్టింపుకు పైగా, నల్లజాతి స్త్రీల దగ్గర మూడు రెట్లకు పైగా అడిగారని తేలింది. అయితే 1996లో పినెలోపి గోల్డ్‌బర్గ్ అనే ఆర్థికవేత్త జనం నిజంగా చేసిన కొనుగోళ్ల వివరాలు తీసుకుని చూస్తే, సగటు రాయితీలో అంత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండూ జాగ్రత్తగా చేసిన పనులే. కాబట్టి ఆడవాళ్లకు ప్రతిచోటా ఎక్కువ ధర వేస్తారని నేను అనలేను. నా దగ్గర ఎక్కువ అడిగారని కూడా అనను. నేను పోగొట్టుకున్నది జవాబు. ఇంజను గురించి ఆయనకేమి తెలుసో నాకు చివరిదాకా అంతుపట్టలేదు, ఎందుకంటే ఇంజను ప్రశ్న తమ్ముడు అడగలేదు, నేను అడిగితే ఆయన వినలేదు.

తెలిసినదాన్ని తెలియనట్టు

ఇంతవరకూ తెలియనిది తెలిసినట్టు చెప్పినవాళ్ల గురించి రాశాను. ధర దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ అన్నీ తెలిసిన మనిషి ఒక్కసారిగా ఏమీ తెలియనివాడవుతాడు. "మొత్తం ఎంతవుతుంది?" అని అడిగితే, "అది మేనేజరుగారే చెప్పాలి మేడమ్." "వడ్డీ ఎంత?" అంటే, "బ్యాంకువాళ్లు చెబుతారు." "ఈ అదనపు సామాన్లు వద్దంటే ఎంత తగ్గుతుంది?" అంటే, "కనుక్కుని వస్తాను." లోపలికి వెళ్లి ఇరవై నిమిషాలు రారు. ఎదురుగా కూర్చున్న మనం అలసిపోవాలి, ఇంత సమయం పెట్టాం కదా ఇక తేల్చేద్దాం అనుకోవాలి. ఆ ఆలస్యం పని అదే.

అన్నిచోట్లా ఎదురైన ఇంకో ప్రశ్న: "నెలకు ఎంత కట్టగలరు?" దీనికి మాత్రం ఎప్పుడూ జవాబు చెప్పకండి. నేను మొదటిచోట చెప్పి నాలుక కరుచుకున్నాను. నెల వాయిదా ఒక్కటి పట్టుకుంటే మిగతా అంకెలన్నీ వాళ్ల చేతిలోకి వెళ్లిపోతాయి. ఏడాదికి 10 శాతం వడ్డీ మీద 100 అప్పు తీసుకున్నారనుకోండి. ఐదేళ్లలో తీరిస్తే నెలకు సుమారు 2.12 కట్టాలి, వడ్డీ మొత్తం 27.50 దాకా అవుతుంది. అదే ఏడేళ్లకు సాగదీస్తే నెలకు 1.66 చాలు. "చూశారా, ఎంత తగ్గిందో" అంటారు. వడ్డీ మొత్తం 39 దాటిందని అనరు.

నాలుగోచోట ఇంకా తేలిగ్గా చెప్పారు. "వడ్డీ ఏడు శాతమే మేడమ్, ఇంత తక్కువ ఎక్కడా రాదు." ఆ ఏడు శాతం మొదట తీసుకున్న మొత్తం అప్పు మీద ఐదేళ్లూ లెక్కకట్టేది. నేను నెలనెలా తీరుస్తున్న అసలును అందులోంచి తీసేయరు. తగ్గుతున్న అప్పు మీద లెక్కిస్తే అది దాదాపు పన్నెండున్నర శాతం. ఫోనులో లెక్క వేసి చూపించాను. ఆ అమ్మాయి తెర వైపు చూసింది, నా వైపు చూసింది. "మాకు ఇలాగే చెప్పమన్నారు" అంది నెమ్మదిగా. ఆ రెండు నెలల్లో నాలుగు షోరూముల్లో నేను విన్న నిజమైన మాట అదొక్కటే. ఆమె మీద కోపం రాలేదు నాకు.

అమెరికాలో ఈ దాపరికం మీద 1958లోనే చట్టం చేశారు. ఓక్లహోమా సెనేటర్ మైక్ మన్రోనీ పట్టుబట్టి తెచ్చిన ఆ చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు అద్దం మీదా కంపెనీ సూచించిన ధర, అదనపు సామాన్ల ధరలు రాసిన కాగితం అంటించాలి. ఆ కాగితాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అయినా బేరం ఆగలేదు, లోపలి గదిలోకి వెళ్లి రావడమూ ఆగలేదు. కాగితం అంటించగలరు గానీ, ఎదురుగా కూర్చున్న మనిషి చేత సూటిగా మాట్లాడించడం చట్టం వల్ల అయ్యే పని కాదేమో.

1970లో ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్ పాత కార్ల సంత ఉదాహరణగా రాసిన వ్యాసం చాలామందికి తెలిసిందే. అమ్మేవాడికి కారు లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు, అందువల్ల సంత ఎలా చెడుతుందో చెప్పి తర్వాత నోబెల్ బహుమతి అందుకున్నారు. కొత్త కార్ల షోరూములో నాకు కనిపించింది ఇంకో రకం అసమానత. అక్కడ కారు గురించి కొనేవాళ్లకే ఎక్కువ తెలుసు, నెలల తరబడి చదివి వస్తున్నాం. అమ్మేవాళ్ల దగ్గర మిగిలినది ధర రహస్యం ఒక్కటే. దాన్నే అన్ని విధాలా కాపాడుకుంటున్నారు.

అటువైపు మాట

మా పెదనాన్నగారి అబ్బాయి రెండేళ్లు షోరూములో పనిచేసి మానేశాడు. నా గోడంతా విని, "నీకు చెప్పడం తేలికే" అన్నాడు. చేరిన కొత్తలో ఐదు రోజుల శిక్షణ ఇచ్చారట. అందులో కారు గురించి ఒక పూట. మిగతాదంతా వచ్చినవాళ్లను ఎలా కూర్చోబెట్టాలి, వెళ్లిపోతానంటే ఏమనాలి, నెల చివరన ఎలా తొందరపెట్టాలి అన్నదే. జీతం కొంచెం, కమిషను మీదే బతుకు. "తెలియదు అన్నానంటే పక్కన నిలబడ్డ మేనేజరు వచ్చి నా చేతిలోంచి ఆ కస్టమరును తీసుకునేవాడు. ఆ నెల నా లెక్కలో ఒక కారు పోయినట్టే. రెండుసార్లు అలా జరిగాక ఎవడంటాడు తెలియదని?" అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు, అది నాకు తగిలింది. "కొనేవాళ్లు నిజాలే చెబుతారా? పక్క షోరూములో ఇంతకే ఇస్తామన్నారని నువ్వు అనలేదా?" అని అడిగాడు. నిజమే, నాలుగోచోట అన్నాను. అబద్ధమే అది. ధర దాచే మనిషి ఎదురుగా నాకూ వేరే దారి కనిపించలేదు అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ అబద్ధం అబద్ధమే, అది చెప్పినందుకు నాకు ఇప్పటికీ బాగాలేదు.

మా బాబాయి వాదన వేరు. "తెలియదు అనేవాడి దగ్గర నేనెందుకు కొనాలమ్మా? అమ్మే వస్తువు గురించి తెలియనివాడు రేపు బాగుచేయిస్తాడా?" అంటాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు, అందుకే షోరూములు కూడా తడుముకోని మనుషులనే ముందు నిలబెడతాయి. అయితే బాబాయి కారు సంగతి నాకు తెలుసు. కొనేటప్పుడు స్టెప్నీ ఉందా అని అడిగితే, ఉంటుందని తడుముకోకుండా చెప్పారు. డిక్కీ అడుగున చాప ఎత్తి చూడాలని ఆయనకు తోచలేదు. ఒక రాత్రి రోడ్డు పక్కన టైరు గోడ చీలిపోతే అప్పుడు ఎత్తి చూశాడు. అక్కడ చక్రం లేదు. ఒక చిన్న గాలి పంపు, జిగురు సీసా ఉన్నాయి. బరువు, చోటు కలిసొస్తాయని చాలా కార్లలో ఇప్పుడు స్టెప్నీ బదులు ఇవే ఇస్తున్నారు. మేకు దిగిన చిన్న చిల్లికి ఆ జిగురు పనికొస్తుంది గానీ టైరు పక్క గోడ చీలితే పనికిరాదు. పిన్నిని వెంటబెట్టుకుని తెల్లవారేదాకా లారీల వెలుతురులో నిలబడ్డాడు. "ఒక్క నిమిషం, చూసి చెబుతాను" అని ఆ రోజు అమ్మిన మనిషి డిక్కీ తెరిచి ఉంటే సరిపోయేది.

ఐదోచోట

ఐదో షోరూముకు వెళ్లేసరికి నాకు మాట్లాడే ఓపిక లేదు. కాగితం చేతికిచ్చి కుర్చీ పడుతుందా అని మాత్రం అడిగాను. ఆ అబ్బాయి అంకెలు చదివాడు. "తెలియదు మేడమ్. పెట్టి చూద్దాం" అన్నాడు. తనే వెళ్లి కుర్చీ తెచ్చాడు. డిక్కీ మీది అడ్డపలక తీసి పక్కన పెట్టాడు. కుర్చీ నిలువుగా, కాస్త వాలుగా లోపలికి వెళ్లింది. లీటర్లలో చూస్తే ఇది మొదటి కారు డిక్కీ కంటే చాలా చిన్నది. తలుపు మూసి, మళ్లీ తెరిచి, "అడ్డపలక ఇంట్లో వదిలేయాల్సి ఉంటుంది. బయటికి కుర్చీ కనబడుతుంది, ఫరవాలేదా?" అని అడిగాడు. నేను అడగని లోపం తనంతట తాను చెప్పాడు.

నక్షత్రాల ప్రశ్న అడిగితే, అదీ తెలియదన్నాడు. సాయంత్రం ఏడు గంటలకు ఫోను చేశాడు. పరీక్ష మేము చూసిన రకానికి చేయలేదట, పై రకానికి చేశారట, తేడా పక్క ఎయిర్‌బ్యాగుల్లో ఉందట. ఖరీదైనది అంటగట్టే ఎత్తేమోనని నాకు వెంటనే అనుమానం వచ్చింది. పరీక్షించిన సంస్థ పెట్టిన నివేదిక నేనే తెరిచి చూసుకున్నాను. అతను చెప్పింది అక్షరాలా నిజం. పై రకమే తీసుకున్నాను.

అతను దేవుడేమీ కాదు. ధర దగ్గర అతనూ లోపలి గదిలోకి వెళ్లాడు, అతనూ ఇరవై నిమిషాలు రాలేదు. బయటికి వచ్చేటప్పుడు నా ముఖంలోకి చూడలేదు. ఆ తతంగం అతని చేతిలో లేదని అప్పటికే నాకు తెలుసు.

ఫారంలో అన్నిటికీ పది వేశాను, ఆ ఇరవై నిమిషాలతో సహా. చివర ‘ఇంకా ఏమైనా చెప్పదలచుకున్నారా’ అని చిన్న గడి ఉంది. మాకు అమ్మిన అబ్బాయి రెండు ప్రశ్నలకు తెలియదన్నాడని, అందుకే అతని దగ్గర కొన్నానని రాయడం మొదలుపెట్టాను. ఈ మాట పై అధికారులు చదివితే అతనికి మేలు జరుగుతుందా, కీడా అని మధ్యలో ఆగిపోయాను. చాలాసేపు ఆలోచించి ఆ వాక్యం తీసేశాను. ‘కుర్చీ తనే మోసుకొచ్చి డిక్కీలో పెట్టి చూపించాడు’ అని రాసి పంపాను.